సారు తీసేసిన సుమారు

ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా బూర్గంపాడు వెళ్ళాను. కాలేజీకి పోయే ముందు సెంటర్‌లో ఉన్న టిఫిన్ హోటల్లో కూర్చొని, ఇడ్లీ చెప్పి తలెత్తితే గోడ గడియారం కనిపించింది. నా చేతి వాచీ చూసుకున్నాను. గోడ గడియారం బాగా వెనకబడి ఉంది. ఆగిపోలేదు, ముల్లు కదులుతూనే ఉంది, కానీ వెనకబడింది. ఈ ఊళ్ళో ఒక గడియారం వెనకబడటమేమిటని నాకు వింతగా అనిపించింది. నేను ఇక్కడ డిగ్రీ చదివిన రోజుల్లో ఈ సెంటర్‌లో ఏ దుకాణంలో చూసినా ఒకటే టైం. మా బాటనీ సారు తిరుగుతున్నంత కాలం ఇంకో టైం చూపించే ధైర్యం ఏ గడియారానికీ ఉండేది కాదు.

"అన్నా, గడియారం సారు ఇటు వస్తలేడా?" అని అడిగాను హోటలాయనను.

ఆయన చట్నీ గిన్నె నా ముందు పెట్టి నా ముఖంలోకి పరీక్షగా చూశాడు. "సారు పోయిండు గద మేడం. మొన్న వానకాలంల పోయిండు. మీకు ఎరుకలేదా?"

ఎరుక లేదు. ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. నేను ఆయన గడప తొక్కి ఏళ్ళు గడిచిపోయాయి. ఇడ్లీ చల్లారేదాకా ఆ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఉన్నమాట చెప్పాలంటే ముందుగా వచ్చింది పాత కోపమే. నాకు రావలసిన రీసెర్చి సీటు ఆయన తీసేసిన ఒకే ఒక్క మాట వల్ల పోయింది. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు ఉంది, ఏం చెయ్యను.

ఆయనకు అసలు పేరు వేరే ఉండేది. అది అటెండెన్సు రిజిస్టరుకూ జీతాల బిల్లుకూ మాత్రమే పనికొచ్చేది. ఊరందరికీ ఆయన గడియారం సారే. వాళ్ళ నాన్నకు ఖమ్మం బజారులో గడియారాలు బాగుచేసే దుకాణం. తాత చేసిందీ అదే పని. ఆ ఇంట్లో పెద్ద చదువు చదివి సర్కారు ఉద్యోగం తెచ్చుకున్న మొదటివాడు ఈయన. మనిషి కాలేజీకి వచ్చాడు గానీ చేతులు మాత్రం ఆ దుకాణంలోనే ఉండిపోయాయి. చొక్కా జేబులో పెన్ను పక్కన సన్నటి చిమ్టా ఉండేది, వాచీల్లో చిన్న చిన్న సామాన్లు తీసే చిమ్టా. దానితోనే మాకు పువ్వులు విప్పి చూపించేవాడు. తంగేడు పువ్వును నల్ల గుడ్డ మీద పెట్టి, ఒక కన్ను చికిలించి, రక్షక పత్రాలు ఒక వరస, ఆకర్షక పత్రాలు ఒక వరస, కేసరాలు ఒక వరస పరిచేవాడు. గుడ్డ మీద ఊపిరి పడకుండా మేమందరం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూసేవాళ్ళం. క్లాసు అయిపోయి మేము లేచిపోతుంటే, ఆ ముక్కలన్నిటినీ మళ్ళీ ఒకదాని పక్కన ఒకటి పేర్చి పువ్వు చెయ్యబోయేవాడు. కాసేపటికి గుర్తొచ్చేది కాబోలు, తనలో తనే నవ్వుకొని గుడ్డ దులిపేసేవాడు.

ఎవరింటికి పోయినా ముందు గోడకేసి చూసేవాడు. గడియారం ముందో వెనకో ఉందంటే ఇంటివాళ్ళను అడిగేది లేదు, స్టూలు లాక్కొని ఎక్కడమే. మా క్లాసు అమ్మాయి పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకొనే స్టూలెక్కి, "పంతులుగారూ, మీ గడియారం లేటుగ నడుస్తున్నది, ముహూర్తం దాటుతది చూసుకోండ్రి" అని కేక పెట్టాడు. పంతులుగారు మంత్రాలు పరుగులెత్తించారు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు సారు వస్తున్నాడంటే ముందే గడియారాలు దిద్దుకునేవాళ్ళు.

ఆయనకు గిట్టని మాట ఒకటుంది. సుమారు. మాది పినపాక వైపు పల్లె. హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఒక సోమవారం ఇంటి నుంచి వచ్చేసరికి క్లాసు మొదలైపోయింది.

"ఎప్పుడు బయల్దేరినవ్ బిడ్డా?"

"సుమారు ఆరింటికి సార్."

"సుమారు అనేది టైం కాదు, తప్పించుకునే తోవ. ఆరా, ఆరున్నరా?"

"గడియారం చూడలే సార్. కోడి కూసినంక బయల్దేరిన."

"గట్ల చెప్పు! కోడి కూసినంక అను. అది కరెక్టు మాట. సుమారు మాత్రం నోట్లకెల్లి రావద్దు. మా అబ్బాజాన్ దుకాణంల గా మాట అన్నోన్ని మెట్లు దింపుతుండె."

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. అంత కచ్చితమైన మనిషి చెబితే ఇక తిరుగుండదని ఆ రోజే మనసులో ఖాయం చేసుకున్నాను. నన్ను దెబ్బతీసింది ఆ నమ్మకమే.

నేను రెండో సంవత్సరంలో ఉండగా సారు హైదరాబాదులో ఏదో ట్రైనింగుకు పోయి, చంకలో జిరాక్సు కాగితాల కట్టతో తిరిగొచ్చాడు. వచ్చిన మనిషి సిలబస్ పక్కన పెట్టేశాడు. మొక్క కణంలో గడియారం ఉందట. అది ఏ జన్యువులతో, ఏ ప్రోటీన్లతో నడుస్తుందో ఈ మధ్యనే ఒక్కొక్కటిగా బయటపడుతోందట. చెబుతుంటే సుద్దముక్క ఆయన చేతిలో నిలవలేదు. గడియారాల ఇంట్లో పుట్టి చెట్ల చదువు చదివినవాడికి చెట్టులోనే గడియారం దొరికితే ఎట్లా ఉంటుంది మరి. తప్పిపోయిన తోబుట్టువు దొరికినంత సంబరం ఆయనది.

"మీ నాయిన ఏ షిఫ్టు?" అని అడిగాడు నన్ను నిలబెట్టి. మా నాన్న మణుగూరు బొగ్గు గనిలో పనిచేసేవాడు.

"ఈ వారం పొద్దటి షిఫ్టు సార్."

"మంచిగ చెప్పినవ్. ఇను. కణంల గూడ షిఫ్టులున్నయి. పొద్దటి షిఫ్టు ప్రోటీన్లు తెల్లారంగ డ్యూటీ ఎక్కుతయి. ఎక్కంగనే ఏం చేస్తయి? పొయ్యి సాయంత్రం జీన్ మీద కూసుంటయి. దాన్ని లేవనియ్యవు. పగటీలికి అవి పాతవడతయి. కణం వాటికి చీటీ అంటించి చెత్తబండిల ఏస్తది, ముక్కలు ముక్కలైతయి. అప్పుడు సాయంత్రం జీన్‌కు ఊపిరాడుతది. దాని ప్రోటీన్ తయారైతది. గది పొయ్యి మల్ల పొద్దటోళ్ళను లేపుతది. దాని డ్యూటీ దిగంగనే దానికీ చీటీ, దానికీ చెత్తబండి. గంతే, తిరుగుతనే ఉంటది."

"మరి అది రోజంతా ఎందుకు పడుతది సార్? గబగబా తిరిగిపోవచ్చు గద?"

ఈ ప్రశ్న నేనే అడిగాను. సారు నా దగ్గరికి వచ్చి, వాచీని చెవికి ఆనించుకొని వినే అలవాటు ఉండేదాయనకు, అట్లాగే తల పక్కకు వంచి నిలబడ్డాడు.

"లేటు, బిడ్డా. జీన్‌ను చదవాలె, ఆర్ఎన్ఏ కావాలె, దాని తోటి ప్రోటీన్ కావాలె. ప్రోటీన్‌కు ఫాస్ఫేటు అంటుకోవాలె, అది న్యూక్లియస్ లోపటికి పోవాలె, పని చెయ్యాలె, ఆఖరుకు ఇరగాలె. ఒక్కొక్కదానికి జర జర టైం పడతది. అన్ని లేట్లు కలిస్తేనే ఒక రోజు. లేటు లేకపోతే గడియారమే లేదు."

ఆ మాట ఎంత బాగుందో. ఇప్పటికీ పిల్లలకు అదే చెబుతాను. ఎవరి మాటో మాత్రం చెప్పను.

బయటి వెలుగు పని ఏమిటో కూడా ఆ రోజే చెప్పాడు. ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్ ఒకటి ఆకులో ఉంటుంది. తెల్లవారి వెలుగు తగలగానే రూపం మార్చుకొని లోపలికి పోయి కబురు చెబుతుంది. లోపలి గడియారం ఆ కబురు విని ముల్లు దిద్దుకుంటుంది. అందుకు ఎంతోసేపు వెలుగు అక్కర్లేదు, కాస్త తగిలితే చాలు. "మరి వెలుగే రాకపోతే సార్?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "రాకపోయినా నడుస్తది. నోటితోని చెప్పుడెందుకు, చూపిస్త" అన్నాడు.

కాలేజీ గేటు పక్కన పెద్ద నిద్రగన్నేరు ఉండేది. పొద్దు వాలగానే ఆకులు ముడుచుకొని, తెల్లవారగానే విప్పుకునే చెట్టు. దాని కింద వానలకు లేచిన మొలకలను కవర్లలోకి మార్చాము. పాత స్టోరు గదిలో విరిగిన బెంచీలు అవతల పడేసి, కిటికీలకూ తలుపు సందులకూ నల్ల కాగితం అంటించి, తలుపు తీసినా వెలుగు పోకుండా లోపల నల్ల దుప్పటి తెర కట్టాము. మధ్యాహ్నం లోపల నిలబడితే నా చెయ్యి నాకు కనపడలేదు. తాళం చెవి సారు దగ్గర. హాస్టలు పక్కనే కాబట్టి చూసి చెప్పే పని నాది. పొద్దున గంట కొట్టాక సారు తాళం తీస్తాడు, నేను ఆకుపచ్చ కాగితం చుట్టిన టార్చితో ఒక్క క్షణం చూస్తాను, మళ్ళీ సాయంత్రం చూస్తాను. ఆ పచ్చ వెలుగును మొక్క అంతగా పట్టించుకోదట.

మొదటి రోజు పొద్దున ఆ గదిలోకి పోయి టార్చి వేసినప్పటి సంగతి చెప్పాలి. గదిలో కటిక చీకటి. సూర్యుడు వచ్చిన సంగతి ఆ మొలకలకు చెప్పినవాళ్ళు లేరు. అయినా ఆకులు విప్పుకొని ఉన్నాయి. మా ఇంట్లో, మా పల్లెలో, ఎవరికి ఏం కావాలన్నా ఇంకొకరు చెప్పాలి. చదువుకో అని ఒకరు, చాలు ఆపు అని ఒకరు. ఇదేమో నా జానెడు కూడా లేని మొక్క, ఎవరూ చెప్పకుండానే తన టైం తను చూసుకుంటోంది. ఏం చదవాలో, ఏం కావాలో నాకు ఆ గుమ్మంలో తెలిసిపోయింది.

మూడో రోజు పొద్దున పోయేసరికి ఆకులు సగమే విచ్చుకొని ఉన్నాయి.

"సార్, ఇంక పూర్తిగ తెరుచుకోలే" అన్నాను.

సారు తొంగి చూశాడు. వాచీ చూసుకున్నాడు. తర్వాత, "నువ్వు జల్దీ వచ్చినవ్ బిడ్డా" అన్నాడు.

నేను గంట విన్నాకే వచ్చాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ టైం విషయంలో ఆయన మాటకు ఎదురు చెప్పేదెవరు? గంట కొట్టే ఆయన తొందరపడి ఉంటాడులే అనుకున్నాను. మర్నాటి నుంచి నేను గంట విని పోయేసరికి ఆకులు పూర్తిగా విప్పుకొని ఉండేవి. ఒక్క రోజు కూడా తప్పలేదు. ఆఖరి రోజు పెద్దసార్లు ఎవరెవరో వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. "చూసిన్రా, లోపటి గడియారం నిమిషం తప్పది" అన్నాడు సారు. అని ఊరికే ఉన్న వాచీకి కీ ఇచ్చుకుంటూ నిలబడ్డాడు.

తర్వాత లైబ్రరీలో ఇంగ్లీషు పుస్తకాలు తిరగేస్తుంటే, ఈ గడియారం చుట్టు తిరగడానికి 'అబౌట్' ఒక రోజు పడుతుందని కనిపించింది. ఒక పుస్తకంలో కాదు, అన్నిట్లోనూ ఆ 'అబౌట్' ఉంది. పుస్తకం పట్టుకొని స్టాఫ్ రూముకు పోయాను.

"సార్, అబౌట్ అంటే సుమారు గద? మనకు కరెక్టుగ వచ్చింది గద?"

"ఇంగ్లీషోళ్ళు అన్నిటికీ అబౌట్ పెడతరు బిడ్డా. మర్యాద కోసం. మనం మీరు, గారు అన్నట్టు. దాన్ని పట్టించుకోకు."

నేను నమ్మాను. పుస్తకాలు ఒకటి చెబుతుంటే, ఆయన మాటను పట్టుకున్నాను. ఎందుకు పట్టుకోను? కళ్ళారా చూశాను కదా. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చి నేను బయల్దేరుతుంటే సారు తన చేతి వాచీ విప్పి నా చేతికి పెట్టాడు. వాళ్ళ నాన్న బాగుచేసి ఇచ్చిన కీ వాచీ అది. "రోజు కీ ఇయ్యి. మర్చిపోకు. నువ్వు గా గడియారాల మీదనే రీసెర్చి చేస్తవ్, నేను ఉన్నన్ని దినాలు చెప్పుకుంట" అన్నాడు. మా నాన్న నన్ను బస్సెక్కించి కళ్ళు తుడుచుకున్నాడు. సారు బస్సు టైంకు కదిలిందా లేదా చూసుకున్నాడు.

ఎమ్మెస్సీ అయ్యాక హైదరాబాదులో మొక్కల గడియారం మీదనే పనిచేసే ల్యాబు ఒకదానికి ఇంటర్వ్యూకు పోయాను. ఉన్నది ఒకటే సీటు. మొదట అన్నీ బాగా చెప్పాను. పొద్దటి జన్యువులు, సాయంత్రం జన్యువు, చీటీలు, చెత్తబండి, అన్నీ ఇంగ్లీషులోకి మార్చుకొని చెప్పాను. వాళ్ళు తలలు ఊపారు. ఈ పని మీద ఇష్టం ఎట్లా కలిగిందని అడిగారు. నాకు కావలసిన ప్రశ్నే అది. స్టోరు గది, నల్ల కాగితం, నిద్రగన్నేరు మొలకలు, అంతా చెప్పాను.

బల్లకు ఆ చివర కూర్చున్న పెద్ద వయసు మేడం తెలుగులో అడిగారు. "రోజూ తెల్లవారే టైంకే తెరుచుకున్నాయా అమ్మా?"

"సరిగ్గా ఆ టైంకే మేడం."

"రోజురోజుకూ కొంచెం కొంచెం జరగలేదూ? ముందుకో వెనక్కో?"

"లేదు మేడం. నిమిషం కూడా."

"మరి పుస్తకాల్లో అబౌట్ అని ఎందుకు రాస్తారు?"

"అది రాసేవాళ్ళ మర్యాద మేడం" అన్నాను.

ఒకాయన ఆపుకోలేక నవ్వాడు. రెండో ఆయన కాగితాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మేడం మాత్రం నవ్వలేదు. చాలా మెత్తగా చెప్పారు. "చీకట్లో వదిలేస్తే మొక్క తన సొంత టైంకు నడుస్తుందమ్మా. అది మన రోజుతో సరిగ్గా కలవదు. కాస్త జరుగుతూ పోతుంది. ఆ జరగడం చూసే కదా, ఇది బయటి వెలుగు పని కాదు, లోపలి గడియారమే అని మనం చెప్పగలిగేది. మీకు అసలు జరగలేదంటే మీ గదిలోకి రోజూ వెలుగు పోయింది. ఎవరో తలుపు తీశారు."

ఎవరో తలుపు తీశారు. ఆ గది తాళం చెవి ఒకరి దగ్గరే ఉండేది. 'నువ్వు జల్దీ వచ్చినవ్ బిడ్డా' అన్న మాట ఆ బల్ల ముందే నా చెవిలో పడ్డట్టయింది. ఆ తర్వాత వాళ్ళు ఏమడిగారో నాకు గుర్తు లేదు. సీటు ఇంకొకరికి పోయింది.

ఇంటికి పోలేదు. నేరుగా బూర్గంపాడు బస్సెక్కాను. సారు వరండాలో చాప మీద కూర్చొని ఎవరిదో గోడ గడియారం విప్పుకొని ఉన్నాడు. నన్ను చూసి ముఖం ఇంతయింది. "ఆగయీ మేరీ సైంటిస్ట్! ఏయ్, మన బిడ్డ వచ్చింది, చాయ్ పెట్టు" అని లోపలికి కేకేశాడు.

"సార్, స్టోరు గది తలుపు ఎవరు తీసిన్రు?"

చిమ్టా గాలిలో ఆగింది. ఏ తలుపు, ఏ గది అని అడగలేదు. అడిగి ఉంటే కొంచెమైనా బాగుండేది.

"నేనే" అన్నాడు. "పొద్దుగాల నమాజు అయినంక అట్ల నడుసుకుంట వచ్చి, తెల్లారే టైంకు తలుపు తీసి తెర ఎత్తుతుంటి. జర సేపే. మల్ల తాళమేసి పోతుంటి."

"ఎందుకు సార్?"

"లేటు నడుస్తున్నయి బిడ్డా. మూడో రోజు నువ్వే చూసినవ్ గద. మర్నాడు ఇంక లేటైతయి. నా కండ్ల ముందట లేటు నడిచే గడియారాన్ని నేనెట్ల ఇడిచిపెడ్త? చెయ్యి ఊకోలే."

"గా లేటే గద సార్ సాక్ష్యం. వాటి టైం వాటికున్నదని చెప్పేది గా లేటే గద. మీకు తెల్వదా?"

"తెలుసు."

అంత మాట అంటాడని నేను అనుకోలేదు. తెలియక చేశాడని బస్సులో వస్తున్నంతసేపూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. పాత చదువు, చిన్న కాలేజీ, పాపం ఆయనకేం తెలుసు అని దారి పొడుగునా ఆయన తరఫున నేనే వాదించుకున్నాను. అదంతా ఆ ఒక్క మాటతో పోయింది.

"తెలిసి మర్యాద అన్నరా?"

సారు చిమ్టా కింద పెట్టాడు. "ఏం చెప్పాలె నీకు. ఈ అడవి పక్కన మన పిల్లలకు అన్నీ సుమారే. బస్సు సుమారు. కరెంటు సుమారు. దవాఖానాల డాక్టరు సుమారు. మీకు ఒక్కటన్న కరెక్టుగ ఉన్నది చూపియ్యాలె అనిపించింది. చెట్టు గూడ సుమారే అని చెప్పబుద్ధి కాలే. తప్పా?"

"మీ మాట పట్టుకొని అందరి ముందట నవ్వులపాలైన సార్. పుస్తకం తెచ్చి అడిగితే గూడ అబద్ధమే చెప్పిన్రు." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "గా మూడో రోజు నేను కరెక్టు టైంకే వచ్చిన గద?"

ఆయన నా వైపు చూడలేదు. "కరెక్టు టైంకే వచ్చినవ్" అన్నాడు.

సీటు పోయినందుకు కాదు, దీనికి ఏడ్చాను. ఆ రోజు నా కళ్ళు సరిగ్గానే చూశాయి. చూసింది చూసినట్టే చెప్పాను. ఆయన ఆ కళ్ళనే తప్పు పట్టాడు. మొక్కకు లోపల గడియారం ఉందని నేర్పిన మనిషి, నా లోపల కూడా ఒకటి ఉండొచ్చని అనుకోలేదు. నా ముల్లు కూడా పట్టుకొని తిప్పేశాడు.

ఆయన ఇచ్చిన చేతి వాచీ విప్పి ఆయన ముందు ఆ పళ్ళ చక్రాల మధ్య పెట్టాను. ఆయన దాన్ని తీసుకొని, అలవాటు కొద్దీ చెవికి ఆనించుకున్నాడు. విన్నాడు. గోడవైపు చూశాడు.

"వెనక నడుస్తున్నది. కీ ఇస్తలేవా బిడ్డా?" అని ముల్లు దిద్దాడు.

ఆ క్షణంలో ఆ మనిషిని చూస్తే నవ్వాలో తిట్టాలో తెలియలేదు. వాళ్ళావిడ చాయ్ తెచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "తాగి పో అమ్మా" అంది. తాగకుండానే వచ్చేశాను. మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

ఇంకో రెండు చోట్ల అప్లికేషన్లు పెట్టాను. రాలేదు. మా నాన్న ఆరోగ్యం పాడై పని మానేశాడు. నేను పెనుబల్లి వైపు జూనియర్ కాలేజీలో చేరిపోయాను. గడియారాల మీద ఏం కొత్తగా తెలిసినా దొరికింది దొరికినట్టు చదువుతూనే ఉన్నాను. మాకు సారు చెప్పినప్పుడు, సాయంత్రం ప్రోటీన్ పొద్దటి జన్యువులను లేపుతుందని కదా అన్నాడు. అప్పట్లో అందరూ అదే అనుకునేవాళ్ళు. తర్వాత తెలిసింది, అది లేపదు, అణిచిపెడుతుంది. రెండు షిఫ్టులూ ఒకదాన్నొకటి తొక్కిపెడుతూ తిరుగుతాయి. ఇంత పెద్ద మాట తిరగబడింది. దానికి నాకు బాధ కలగలేదు. ముందు అలా అనుకున్నాం, ఇప్పుడు ఇలా తేలింది అని నలుగురికీ తెలిసేటట్టు చెప్పి మార్చారు. ఎవరి కళ్ళనూ తప్పు పట్టలేదు. సారు కూడా ఒక్క మాట, ఒక్క కార్డు ముక్క, ఎవరితోనైనా ఒక కబురు పంపి ఉంటే అనుకుంటూ కొన్నేళ్ళు ఎదురుచూశాను. పంపలేదు.

"చాయ్ తెమ్మంటరా మేడం?" హోటలాయన వచ్చి నిలబడ్డాడు. నేను ఇంకా గోడకేసి చూస్తుండటం గమనించినట్టున్నాడు. "సారు ఉంటే దిద్దుతుండె అనుకుంటున్నరా? లేదు మేడం. పోకముందు నుంచే దిద్దుడు ఇడిచిపెట్టిండు."

"ఎవరు? సారా?"

"అవ్. రిటైరయ్యే ముంగట్నుంచే మారిపోయిండు. నేనే ఒకసారి స్టూలేసి, సార్ జర దిద్దండ్రి అన్న. 'నడువనియ్యి, దాని టైం దానిది' అన్నడు. ఎవలన్న టైమెంతైంది సార్ అంటే, చేతికి వాచీ పెట్టుకొని గూడ 'సుమారు ఎనిమిది' అంటుండె. ఏంది సార్ మీరు సుమారు అంటున్రు అంటే, 'కరెక్టు మాట గదే' అంటుండె. సారు ముసలోడైండని మేం నవ్వుకుంటుంటిమి."

చాయ్ వచ్చింది. వేడి తెలియకుండా తాగేశాను.

అంటే ఆ మాట ఆయన నోటికి వచ్చింది. హోటల్లో ఇడ్లీ తినేవాళ్ళకు చెప్పాడు. దారినపోయి టైం అడిగినవాళ్ళకు చెప్పాడు. ఊరందరికీ చెప్పాడు. ఆ మాట లేక సీటు పోగొట్టుకున్నది నేను. నాకు చెప్పలేదు. కొత్తగూడెం మీదుగా పెనుబల్లి దాకా బస్సులు ఉన్నాయి. అవి సుమారు టైంకే వస్తాయి గానీ, వస్తాయి. ఆయన దాచిపెట్టినందుకు ఇన్నేళ్ళు కోపం. ఇప్పుడు ఇచ్చినందుకు కూడా కోపమే. నాకు తప్ప అందరికీ ఇచ్చాడు.

"మీరు సారు శిష్యురాలా మేడం?" అన్నాడు హోటలాయన.

"అవ్."

"మరైతే మీరు దిద్దుతరా? స్టూలెయ్యాల్నా?"

వద్దు, నడవనియ్యి అనాలి. ఆయన చివరి మాట అదే కదా. కానీ ఆ మాట నాతో అన్నది కాదు. నాతో అన్నవి వేరే ఉన్నాయి.

"ఎయ్యి అన్నా" అన్నాను.

ఎక్కి గడియారం గోడ నుంచి తీశాను. వెనక దుమ్ము పట్టి ఉంది, చీర కొంగుతో తుడిచాను. చెవికి ఆనించుకొని విన్నాను. చేతి వాచీ చూసుకుంటూ ముల్లు తిప్పి, నిమిషంతో సహా కలిపి, మేకుకు తగిలించాను. కింద నిలబడ్డ హోటలాయన, "ఇప్పుడు కరెక్టేనా మేడం?" అని అడిగాడు.

"కరెక్టే" అన్నాను. దిగి చేతులు కడుక్కొని కాలేజీకి బయల్దేరాను. నేను గేటులో అడుగుపెట్టేసరికి గంట కొట్టారు.